మా ఇంటికి వచ్చిన కొండవాగు చేప

కుటుంబ విషయాలు వ్రాసే చోట ఒక చేపను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని డిసెంబరు మొదలుకొని ఈ మే నెల వరకు మా ఇంట భోజనాల దగ్గర అందరమూ ఎక్కువగా మాట్లాడుకొన్నది దీనిని గూర్చియే. చేప పొడవు మా చిటికెన వేలంత. దాని కొరకు మేము పడిన ఆలోచన మాత్రం చిన్నది కాదు.

దీనిని హిల్‌స్ట్రీమ్ లోచ్ అంటారు. కొండవాగుల్లో బ్రతికే చేప అని అర్థం. ఈ కోవకు చెందినవి చైనాలో కొన్ని, బోర్నియో దీవిలో కొన్ని, మన దేశంలో పడమటి కనుమల వాగుల్లో కొన్ని వున్నవి. మా ఇంటికి వచ్చినది మధ్య వియత్నాం కొండలది. దాని శాస్త్రనామం సెవెలియా లీనియోలేటా. 1846లోనే వాలెన్సియెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించి వ్రాశాడు. అంగడివారికి ఇంత పేరుతో పనిలేదు. "సక్కర్ ఫిష్ అమ్మా, అద్దం శుభ్రం చేస్తుంది" అని చెప్పి కవరులో వేసి ఇచ్చేస్తారు. ఈ చేప పనిమనిషి కాదు, అతిథి. ఈ మాట ముందే తెలిసికొని కొనేవారు తక్కువ.

చూచుటకు చాలా చిత్రంగా వుంటుంది. బంగారు చాయ మీద నల్లని గీతలు, చదునైన పొట్ట, చుట్టూ విసనకర్రల వలె పరచుకొన్న రెక్కలు. కొండల్లో నీరు రాళ్ళ మీదుగా ఉరుకుతూ వుంటే మామూలు చేప ఎదురీదాలి. ఇది ఈదదు, అంటుకొంటుంది. రెక్కలన్నీ పరచి రాతికి అదుముకొని పడుకొంటే, పైనుంచి పోయే నీరే దానిని ఇంకా క్రిందికి నొక్కుతుంది. ఆ రెక్కల అడుగున కంటికి కనబడని గరుకు మొనలు వుంటాయట. పట్టు వదలకుండానే ప్రక్కకు జరుగుతుంది, వెనక్కు కూడ నడుస్తుంది. మా చిన్నవాడు మొదటి రోజున దానిని చూచి, "ఇది కారు లాగా రివర్స్ కొడుతోంది!" అని కేకలు వేశాడు.

మా పెద్దమ్మాయి ఏడవ తరగతి. మా ఇంట మూడడుగుల చేపల తొట్టి వుంది. అందులో నాలుగు నెలలుగా ఆరు జీబ్రా డానియోలు తిరుగుతున్నవి. అవి మన దేశపు వాగుల్లోని చేపలే. లోచ్ కావాలని పాప అడిగిన నాడు మేమిద్దరము వెంటనే సరే అనలేదు. ముందు దాని గూర్చి చదివి, ఏమేమి కావాలో ఒక కాగితం మీద వ్రాసి చూపించమన్నాము. పది రోజులకు వ్రాసి తెచ్చింది. ఆ కాగితంలో మూడు మాటల క్రింద ఎర్ర సిరాతో గీత గీసింది: చల్లని నీరు, పారే నీరు, పాత తొట్టి.

మూడవది చాలమందికి తెలియదు. క్రొత్త తొట్టిలో నీరు అద్దంలా వుంటుంది గాని అది నమ్మదగినది కాదు. చేపల మలినము వలన అమ్మోనియా అనే విషం పుడుతుంది. దానిని నైట్రైటుగా, దానిని మరల అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరులోను, రాళ్ళ మీద స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అదిగాక ఈ లోచ్ తినేది రాళ్ళ మీది సన్నని పాకుడును, అందులో దాగిన కంటికి కనబడని పురుగులను. నిన్న కడిగి పెట్టిన తొట్టిలో దానికి భోజనమే లేదు.

పారే నీటి కొరకు గంటకు 1000 లీటర్లు తోడే చిన్న పంపు తెచ్చాము. మా తొట్టిలో వున్నది 85 లీటర్లు. అంటే నీరంతా గంటకు దాదాపు పన్నెండుసార్లు తిరుగుతుంది. దానికి తోడు ఒక స్పాంజి ఫిల్టరు, ఒక ఎరేటరు. నల్లా నీటిలో క్లోరిన్ వుంటుంది గనుక ఒక రోజు బకెట్లలో నిలువవుంచి, క్లోరిన్ పోగొట్టే మందు రెండు చుక్కలు వేసి గాని పోయము. నునుపైన వాగు రాళ్ళు ఏరి తెచ్చి, ఒక్కొక్క దాని మీద వెనిగర్ చుక్క వేసి చూచాము. నురుగు వచ్చిన రాయి సున్నపురాయి. అది నీటిని గట్టిపరుస్తుంది గనుక ప్రక్కన పెట్టాము.

డిసెంబరునే ఎంచుకొన్నది కూడ ఆలోచించియే. సికింద్రాబాదులో ఆ నెలలో ఇంటిలో నిలువ నీరు దానంతట అదే 22, 23 డిగ్రీలు వుంటుంది. ఈ చేపకు 20 నుండి 24 వరకు సుఖం.

అంగడిలో ఒక్కటే మిగిలివుంది. అద్దానికి అంటుకొని వున్నది గనుక దాని పొట్ట మాకు స్పష్టంగా కనబడింది. తల వెనుక లోతుగా గుంట పడి వుంది. వాగులో పట్టినది, అక్కడినుండి ఎన్ని చేతులు మారి, ఎన్ని రోజులు పస్తు వుండి వచ్చిందో. మేమిద్దరము ఒకరి ముఖం ఒకరం చూచుకొన్నాము. పాప మాత్రం, "వదిలిపెట్టి వెళితే రేపు ఇంకెవరైనా గోల్డుఫిష్ తొట్టిలో వేస్తారు" అన్నది. అదీ నిజమే. తెచ్చాము.

కవరును అరగంట తొట్టి నీటి మీద తేలనిచ్చి, తరువాత కొద్ది కొద్దిగా తొట్టి నీరు కవరులో కలుపుతూ ఒక గంట గడిపి, చిన్న వలతో లోపలికి వదిలాము. అంగడి నీరు మాత్రం లోపల పోయలేదు. ఆ రాత్రి దీపం వేయలేదు. అది పంపు ఎదురుగా వున్న రాతి మీద అంటుకొని తెల్లవారేదాకా కదలలేదు.

తిండి దగ్గరే అసలైన కష్టము. బిళ్ళ వేస్తే డానియోలు ఎగబడి తినేవి, ఇది దాని మీదుగా ప్రాకిపోయేది. ఉడికించిన పాలకూర ఆకును రాతికి కట్టి పెట్టాము, దోసకాయ ముక్క పెట్టాము. ముట్టలేదు. రాళ్ళ మీది పాకుడును మాత్రం తెల్లవారుజామున కొంచెం కొంచెం గీకేది. ఆ కొంచెము దానికి చాలదు. వారం గడిచినా పొట్టలో గుంట అలాగే వుంది. స్కూలు నుండి రాగానే పాప సంచి క్రింద పడేసి భూతద్దం పట్టుకొని తొట్టి ముందు కూర్చొనేది. ఏమీ అడిగేది కాదు. అడిగితే మేమేమి జవాబు చెప్పాలి?

అప్పుడు చేసిన పని ఇది, ఈ చేపను పెంచాలనుకొనే వారికి తప్పక పనికివస్తుంది. బాల్కనీలో ఎండ తగిలే చోట ఒక తెల్లని ప్లాస్టిక్ తొట్టె పెట్టి, తొట్టి నుండి తీసిన పాత నీరు పోసి, అందులో పదిహేను రాళ్ళు పరచాము. చలికాలం గనుక ఆకుపచ్చ పొర పట్టుటకు దాదాపు పది రోజులు పట్టింది. దోమలు గుడ్లు పెట్టకుండ పైన దోమతెర కట్టాము. పచ్చబడిన రాయి ఒకటి తీసి లోపల పెట్టగానే లోచ్ అద్దం మీద నుండి జారి వచ్చి దాని మీద ఎక్కింది. మరునాటి ఉదయానికి ఆ రాయి మీద పిల్లవాడు పలక తుడిచినట్లు తెల్లని చారలు! ఆ రోజు నుండి రెండు రోజులకొక రాయి మార్చుతూ వచ్చాము. జనవరి ఆఖరుకు స్పిరులినా బిళ్ళ కూడ తినుట నేర్చుకొంది. గడ్డ కట్టించిన ఎర్రపురుగులు వారానికొకసారి ఇస్తే ఆశగా తింటుంది. ఇది ఒట్టి శాకాహారి అనుకొనుట పొరపాటు. పొట్ట నిండి గుండ్రబడింది.

పిల్లల నానమ్మగారికి మొదటి నుండి ఇది నచ్చలేదు. "గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, చేపను పులుసులో చూడాలి గాని అద్దాల పెట్టెలో ఏమిటి?" అనేవారు. మేము మారుపలికేవాళ్ళము కాదు.

మార్చి రాగానే మా గుండెల్లో రాయి పడింది. ఎండ వేడికి నీరు వేడెక్కుట ఒక్కటే కాదు, వేడి నీటిలో ప్రాణవాయువు కూడ తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. చేపకేమో వేడిలో ఊపిరి ఎక్కువ కావాలి. రెండు వైపులా దెబ్బ. మూత తీసివేసి, లోచ్ అద్దం ఎక్కి బయట పడకుండ దోమతెర బిగించి, నీటి మీదికి చిన్న ఫ్యాను పెట్టాము. కుండలో నీరు చల్లబడినట్లే ఇదీను. మన పొడి ఎండలకు రెండు మూడు డిగ్రీలు తగ్గింది. సముద్రపు గాలి వుండే ఊళ్ళలో అంత తగ్గదు. ఆవిరైపోయిన నీటి బదులు ఫిల్టరు చేసిన ఆర్.ఓ. నీరు పోయాలి, ఎందుకనగా ఆవిరి పోతుంది గాని లవణాలు లోపలే మిగిలిపోతవి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీతో నడిచే ఎరేటరు ఒకటి సిద్ధంగా వుంచాము.

అయినను ఫ్యాను మీద మాత్రం ఆధారపడి కూర్చొనదలచలేదు. ఆ నెలలోనే పాపను కూర్చోబెట్టి ఒక ఒప్పందము చేసికొన్నాము. నీరు 28 దాటి వరుసగా మూడు రోజులుంటే, చేపను బెంగుళూరులో వున్న బాబాయి ఇంటికి పంపివేయాలి. అక్కడ చల్లదనము ఎక్కువ, ఆయనకు తొట్టి కూడ వుంది. పాప చాలసేపు మాట్లాడలేదు. తరువాత క్యాలెండరు మీద తానే వ్రాసింది. కన్నవాళ్ళముగా మాకు ఆ వ్రాత చూడటం కష్టంగానే వుండింది. కాని చేప ఎవరిదనే దానికంటె అది ఊపిరి పీల్చుట ముఖ్యమని పిల్లకు మేము చెప్పక మరెవరు చెబుతారు?

ఏప్రిల్ రెండవ వారంలో థర్మామీటరు 28.5 చూపించింది. మరునాడు 29. లోచ్ రాళ్ళను వదిలి పంపు మూతి దగ్గరే అంటుకొని వుంది, మొప్పలు గబగబ ఆడుతున్నవి. పాప ఆ రెండు అంకెలను క్యాలెండరు మీద వేసి, రాత్రి అన్నం సగంలో లేచిపోయింది. బాబాయికి ఫోను చేసి ఎల్లుండి రాత్రి బండికి వస్తామని చెప్పాము.

మూడవ రోజు ఉదయం కాఫీ త్రాగుతూ నానమ్మగారు, "నా గదిలో పెట్టరాదా? ఎలాగూ ఆ మిషను తిరుగుతూనే వుంటుంది గదా" అన్నారు. ఆమెకు ఆయాసము వుంది గనుక మా ఇంట ఏ.సి. వున్నది ఆమె గదిలో ఒక్కచోటే. ఆమె నిద్ర చెడుతుందని ఆ మాట మేము ఎత్తలేదు. పంపు చప్పుడు అవుతుందమ్మా అన్నాము. "మీ నాన్నగారి గురక కంటెనా?" అన్నారు. ఇద్దరము నవ్వలేక ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాము.

ఆ సాయంత్రము చేపలను ఎరేటరు పెట్టిన మూత బకెట్లో వుంచి, సగం నీటిని డబ్బాల్లో దాచి, ఫిల్టరు స్పాంజి ఆరిపోకుండ పాత నీటిలోనే ముంచి, తొట్టిని నలుగురము మోసి మంచము ప్రక్కన బల్ల మీద పెట్టాము. రాత్రి పదికి నీరు 26. తెల్లవారేసరికి 25. మధ్యాహ్నానికి లోచ్ తన పాత రాతి మీదికి వచ్చింది. బాబాయికి మరల ఫోను చేశాము.

నానమ్మగారి షరతులు మాత్రం గట్టివి. ఎనిమిదింటికి తొట్టి దీపం ఆర్పాలి. నీరు మార్చేటప్పుడు నేల మీద ఒక్క చుక్క పడరాదు. చిన్నవాడు అద్దం మీద కొట్టరాదు. ఈ మధ్య మధ్యాహ్నపు బిళ్ళ తామే వేస్తామంటున్నారు, రెండు వేస్తారేమోనని పాపకు భయం.

ఇప్పుడు మే ఎండకు బాల్కనీలో రాళ్ళు నాలుగు రోజులకే పచ్చబడుతున్నవి. ఈ చేపలు వాగుల్లో గుంపుగా వుంటాయి గనుక ఒక్కదానిని వుంచుట మాకు ఇష్టము లేదు. వానలు పడి చల్లబడిన తరువాత మరి రెండు తెచ్చుకొంటామని అంగడివానితో చెప్పాము. ఇవి తొట్టెల్లోనే గుడ్లు పెట్టి పిల్లలవుతవి గనుక, వాగులో పట్టినవి వద్దు, పెంపకంలో పుట్టినవైతేనే తీసికొంటామన్నాము. ధర ఎక్కువవుతుంది అన్నాడు. పాప తన డబ్బాలోని చిల్లర రెండుసార్లు లెక్కపెట్టింది. ఇంకా కొంత తక్కువ వుంది. నానమ్మగారిని అడుగుదామా వద్దా అని తమ్ముడితో గుసగుసలాడుతోంది.