గోడని కూడా తట్టి చూడాలి

కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం. ఖంగుమంటే తీసుకుంటాం, లేకపోతే పక్కన పెట్టేస్తాం. వంకాయని తిప్పి తిప్పి పుచ్చు చూస్తాం. బంగారం షాపులో హాల్‌మార్క్ ఉందా అని అడగందే బిల్లు వేయనివ్వం. అదే పాత ఇల్లు కొనాల్సి వస్తే మాత్రం అటో చుట్టూ ఇటో చుట్టూ తిరిగి, వాస్తు సిద్ధాంతిని పిలిపించి, ఈశాన్యం చూపించి, అడ్వాన్సు చేతిలో పెట్టేస్తాం. గోడ సంగతి, పునాది సంగతి ఎవరూ అడగరు.

మావారు పోయిన ఏడాది రిటైరయ్యారు. 30 ఏళ్లుగా బేగంపేటలోనే ఉంటున్నాం, ఇప్పుడు మూడో అంతస్తు ఫ్లాట్‌లో. మా అత్తమ్మకి 81 ఏళ్లు. "ఈ గూట్ల ఎన్నొద్దులని ఉండాలె బిడ్డా, కాళ్లకు మట్టి తగలక" అని ఆమె రోజూ అనేదే. జనగామ దగ్గర వాళ్ల సొంత ఊళ్లో ఇల్లు ఎప్పుడో అమ్ముడుపోయింది. పక్క ఊళ్లో ఒక పాత భవంతి అమ్మకానికి ఉందని తెలియగానే తల్లీకొడుకులిద్దరి మొహాలూ వెలిగిపోయాయి.

ఇల్లు నిజంగా బాగుంది. నడుమ గచ్చు వాకిలి, చుట్టూ సాయమాన్లు, గూనపెంకులు, టేకు దూలాలు, దర్వాజ మీద చెక్కిన చిలకలు. 420 గజాలు, 26 లక్షలు అన్నారు. వెనక 1990ల్లో కట్టిన స్లాబు గది, దానికి ఆనుకుని బాత్‌రూమ్. "అమ్మకి ఇదే గది. రాత్రి లేస్తే బయటికి వెళ్లక్కర్లేదు" అని మావారు అక్కడికక్కడే నిర్ణయించేశారు.

ఇల్లంతా కొత్తగా సున్నం వేసి ఉంది. అమ్మకానికి పెట్టిన ఇంటికి సున్నం వేయడం తప్పేం కాదు, పెళ్లిచూపుల రోజు పిల్లకి కొత్త చీర కట్టమా! కానీ ఆ వెనక గదిలో అడుగు పెట్టగానే ఒక వాసన తగిలింది. బేగంపేటలో ఉన్నవాళ్లకి ఆ వాసన బాగా తెలుసు. 2000 ఆగస్టులో నాలా పొంగి మా చుట్టుపక్కల వీధులన్నీ మునిగాయి. అప్పుడు మేం కింది వాటాలో అద్దెకు ఉండేవాళ్లం. నీళ్లు పోయినా గోడల్లో చెమ్మ రెండేళ్లు పోలేదు. ఎన్నిసార్లు రంగు వేసినా ఉప్పు పూసి పొడిపొడిగా రాలేది.

కారెక్కాక చెప్పాను. "ఇల్లు నాకూ నచ్చింది. కానీ ఇంజనీరు చూశాకే అడ్వాన్సు."

"మేస్త్రీ చూశాడు కదా, గట్టిగా ఉందన్నాడు" అన్నారు ఆయన.

మేస్త్రీ మంచివాడే. కానీ ఇల్లు కొంటే రిపేరు పని అతనికే వస్తుంది. కొనకపోతే ఏమీ రాదు. ఇల్లు కొన్నా కొనకపోయినా ఒకటే ఫీజు తీసుకునే మనిషి మాట నాకు కావాలి. అదీకాక ఆ 26 లక్షలు ఆయన పీఎఫ్, గ్రాట్యుటీలో సింహభాగం. ఏ కాగితం మీదా రాసి లేకపోయినా అందులో నేను 30 ఏళ్లు కట్టిన చీటీల కష్టం కూడా ఉంది. అడిగే హక్కు నాకుందనే అనుకున్నాను.

మా చెల్లెలి కూతురు ఇంగ్లండులో ఇల్లు కొన్నప్పుడు చెప్పింది. అక్కడ కొనేవాళ్లే డబ్బు కట్టి సర్వే చేయించుకుంటారట. అందులో మూడు స్థాయిలుంటాయి. పాత ఇళ్లకి మూడో స్థాయి, అంటే పైకప్పు నుంచి కాలువ దాకా అన్నీ చూసి రాసిచ్చేది. మన దగ్గర అలాంటి అలవాటు లేదు. మన దగ్గర వానాకాలం ముందు జీహెచ్‌ఎంసీ వాళ్లు శిథిల భవనాలకి నోటీసులు అంటిస్తారు, అంతే. 2013 జూలైలో సికింద్రాబాద్ రాష్ట్రపతి రోడ్డులో పాత హోటల్ భవనం పొద్దున్నే కూలి పదిమందికి పైగా పోయారు. మా ఇంటికి ఎంతో దూరం లేదు. ఆ రోజు నుంచి పాత గోడ కనిపిస్తే నా కళ్లు బీటలు వెతుక్కుంటాయి.

అమ్మే ఆయనకి ఫోన్ చేసి సర్వే చేయిస్తామంటే నవ్వారు. "సర్వేనా? ఇదేమన్న పొలమా అమ్మా, గొలుసు పట్టి కొలవనీకి?"

తెలిసినవాళ్ల ద్వారా ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు దొరికింది. ముప్పై ఏళ్లుంటాయేమో ఆ అమ్మాయికి. ఫీజు 18,000, రానుపోను కారు మనదే. "వానలు పడ్డాక వెళ్దాం ఆంటీ, ఎండాకాలంలో ఇల్లు నిజం చెప్పదు" అంది. ఆగస్టు రెండో వారంలో వెళ్లాం.

బ్యాగులోంచి ఆమె తీసిన సామానులో సగం మన మేస్త్రీల దగ్గర ఉండేవే. తూకం గుండు, లెవెల్ ట్యూబు, సుత్తి, పొడుగు స్క్రూడ్రైవరు, టార్చిలైటు. మిగతావి చెమ్మ కొలిచే మీటరు, కాంక్రీటు గట్టిదనం చూసే స్ప్రింగు సుత్తి. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం నాలుగైంది.

ముందు ఇల్లు వదిలేసి చుట్టూ తిరిగింది. వాన నీళ్లు ఎటు పోతున్నాయి, చెట్లు ఎంత దూరంలో ఉన్నాయి, గోడ పగుళ్లలో రావి మొక్క ఉందా, బావికీ సెప్టిక్ గుంతకీ ఎడమెంత అని చూసింది. తర్వాత రెండుచోట్ల గోడ పక్కన గుంత తవ్వించింది. పాత భవంతి పునాది మూడున్నర అడుగుల లోతున మొరం మీద కూర్చుని ఉంది, పెద్ద పెద్ద రాళ్లతో. వెనక స్లాబు గది పునాది అడుగున్నరే. "నల్లరేగడి అయితే ఇంకా కష్టమయ్యేది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, పైన గోడని ఊపేస్తుంది. ఇది చెల్క నేల, నయం" అంది.

తర్వాత దూలాలు. నిచ్చెనెక్కి, దూలం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూసింది. మధ్యలో ఎంత నిగనిగలాడుతున్నా చివర్లే ముందు పుచ్చుతాయట, గోడ చెమ్మ తగిలేది అక్కడే కాబట్టి. టేకు దూలాలు ఎనిమిదింటిలో ఏడు బాగున్నాయి. ఎనిమిదో దానిలో స్క్రూడ్రైవరు రెండంగుళాలు మెత్తగా దిగిపోయింది. తర్వాతెప్పుడో మార్చిన వాసాలు మాత్రం చాలావరకు చెదలు తిన్నాయి. గోడ మీద సన్నని మట్టి గీతలు కనిపిస్తే చెదలకి అదే దారి.

చెమ్మకి కారణం విని ఆశ్చర్యపోయాను. ఆ గోడలు రాయి, మట్టి, పైన డంగు సున్నం. అవి చెమ్మ పీల్చుకుంటాయి, ఎండకి వదిలేస్తాయి. మధ్యలో ఎవరో గట్టిగా ఉంటుందని కింది నాలుగడుగులూ సిమెంటు పూశారు. ఇక లోపలి చెమ్మకి బయటికి దారి లేదు, పైకి ఎక్కుతోంది. మందు ఏమిటంటే ఆ సిమెంటు చెక్కేసి మళ్లీ సున్నమే పూయడం. బాగుచేద్దామని చేసిన పనే గోడకి జబ్బయింది.

ఇక వెనక గది. పాత గోడ, కొత్త గోడ కలిసే మూల చెక్క బీరువా పెట్టి ఉంది. జరిపిస్తే వెనక పైనుంచి కిందిదాకా బీట. పైన వేలు పట్టేంత, కిందికొచ్చేసరికి సన్నం. అమ్మే ఆయన వెంటనే, "మొన్న 2024 డిసెంబరుల ములుగు దిక్కు భూకంపం వచ్చింది కదమ్మా, అప్పటిది. ఏం గాదు" అన్నారు. భూకంపం రావడం నిజమే, డిసెంబరు 4 పొద్దున, 5.3 తీవ్రత. హైదరాబాద్‌లోనూ చాలామందికి తెలిసింది.

ఇంజనీరమ్మాయి ఆయనతో వాదించలేదు. టార్చి వేసి బీట లోపల చూపించింది. లోపలి అంచుల మీద పాత నీలి సున్నం ఉంది. అంటే నీలం కలిపి సున్నం వేసిన రోజులకే ఆ బీట ఉంది. కొత్త బీటైతే లోపల మట్టి, ఇటుక రంగు తాజాగా కనిపించాలి. సాలెగూడు, సున్నం పొరలు ఉన్నాయంటే దాని వయసు అదే చెబుతోందన్నమాట.

స్లాబుని కింద నుంచి సుత్తితో తడుతూ పోయింది. కొన్నిచోట్ల టకటక, కొన్నిచోట్ల డొల్ల. డొల్ల ఉన్నచోట పెచ్చు ఊడదీస్తే తుప్పుపట్టిన ఇనుప చువ్వ. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటుని తోసేస్తుంది. అప్పుడు ఆమె దిగి, చేతులు దులుపుకుని అడిగింది. "ఈ గదిలో ఎవరు పడుకుంటారాంటీ?"

"మా అత్తమ్మ" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు, పుస్తకంలో రాసుకుంది. మావారు అక్కడినుంచి వాకిట్లోకి వెళ్లిపోయారు.

బీట ఇంకా కదులుతోందా, ఆగిపోయిందా తెలియాలని మూడుచోట్ల బీటకి అడ్డంగా చిన్న గాజు పలకలు అతికించింది, బడి ల్యాబుల్లో మైక్రోస్కోపు కింద పెడతారే, అవి. గోడ కదిలితే గాజు పగులుతుంది. 45 రోజులు ఆగమంది.

ఆ 45 రోజులూ మా ఇంట్లో మాటలు తగ్గాయి. అమ్మే ఆయన రోజు విడిచి రోజు ఫోన్, వేరే పార్టీ ఉందని. "నీ గాజుముక్కల కోసం ఇల్లు పోయేట్టుంది" అని మావారు. అత్తమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. ఒకరోజు నాతో, "పోతే పోనియ్యి బిడ్డా, కూలే ఇంట్ల పండుకునుడు కంటె ఈ గూడే నయం" అంది. ఆమె ఆశ ఎంతో తెలిసినదాన్ని, ఆ మాట నాకు కష్టంగానే అనిపించింది.

సెప్టెంబరు చివర వెళ్లి చూశాం. రెండు గాజులు అలాగే ఉన్నాయి. స్లాబుకి దగ్గరగా ఉన్న మూడోది నిలువునా పగిలింది. బాత్‌రూమ్ నీళ్లు కాలువలోకి పోకుండా పునాదిలోకి దిగుతున్నాయి, కొత్త గోడలు కుంగుతున్నాయి, పాత గోడ కదలట్లేదు. మధ్యలో స్లాబు నలుగుతోంది. మావారు ఆ గాజు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తిరుగు దారిలో ఆయనే అన్నారు, "ఆ గదిలో అమ్మని పడుకోబెట్టేవాణ్ణి" అని.

రిపోర్టు 22 పేజీలు వచ్చింది, ఫోటోలతో. వెంటనే చేయాల్సినవి, ఏడాదిలోపు చేయాల్సినవి, గమనిస్తూ ఉండాల్సినవి అని మూడు భాగాలు. పాత భవంతి గట్టిది, స్లాబు గది మాత్రం వాడకూడదు, పడగొట్టాలి. పైకప్పు విప్పి వాసాలు మార్చి పెంకులు మళ్లీ నేయించాలి, వైరింగు మొత్తం మార్చాలి, ఎర్తింగ్ వేయాలి. మొత్తం అంచనా 10 లక్షలు. ఆ కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడితే బేరంలో కోపాలు రాలేదు. గోడ బాగోలేదని మనం అంటే గొడవ, ఫోటో అంటే లెక్క. 26 లక్షలు 21కి వచ్చింది. స్లాబు గది మళ్లీ కట్టకుండా ముందు అర్రనే అత్తమ్మకి ఇచ్చి, దాని పక్క ఖాళీలో బాత్‌రూమ్ కడితే 10 లక్షల పని 8 లక్షలకి దిగింది.

ఇంకొక సర్వే కూడా చేశాం, కాగితాలది. ఆ ఇల్లు గ్రామకంఠంలోది. పొలాలకి ఉన్నట్టు పట్టాదారు పాసుపుస్తకం ఉండదు. పంచాయతీ ఇంటిపన్ను రసీదులు, ఇంటి నంబరు, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ, హద్దుల కొలతలు చూసుకోవాలి. అమ్మే ఆయన తండ్రి వీలునామా రాయకుండా పోయారు. ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారు, ఒకరు సిరిసిల్లలో, ఒకరు భివండీలో. "వాళ్లకి కట్నాలిచ్చినం, వాళ్లేమనరు" అన్నారాయన. ఏమనకపోవడం వేరు, సంతకం వేరు. తండ్రి స్వార్జితంలో కూతుళ్లకి సమాన వాటా 1956 వారసత్వ చట్టంలోనే ఉంది. ఉమ్మడి ఆస్తిలో హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి వచ్చింది, 2005లో దేశమంతటికీ చట్టం మారింది. ఇద్దరూ వచ్చి సంతకాలు పెట్టాకే రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. వాళ్లకి అన్నగారు ఎంత ఇచ్చారో నాకు తెలియదు. భివండీ ఆవిడ మాత్రం సంతకం పెట్టి, "నన్ను పిలుస్తరనుకోలేదు" అంది.

మీలో ఎవరైనా ఊళ్లో పాత ఇల్లు కొనాలనుకుంటే నా మాట ఇది. వానాకాలంలో చూడండి. కొత్త సున్నం ఉంటే బీరువాలు, క్యాలెండర్లు జరిపించి చూడండి. పాత ఇళ్లు, సున్నం, కర్ర తెలిసిన ఇంజనీరునే పిలవండి, అపార్టుమెంట్లు మాత్రమే కట్టినవారికి మట్టి గోడ సంగతి తెలియకపోవచ్చు. రిపోర్టు నోటిమాటగా కాదు, ఫోటోలతో, అంచనా ఖర్చుతో రాసిమ్మనండి. ఏ గదిలో ఎవరు పడుకుంటారో వాళ్లకి ముందే చెప్పండి. అడ్వాన్సు ఇవ్వాల్సే వస్తే, రిపోర్టు బాగోకపోతే తిరిగి ఇచ్చేయాలని కాగితం మీద రాయించుకోండి.

స్లాబు గది పడగొట్టడం అయిపోయింది. పెంకులు దించి కడిగి ఎండబెడుతున్నారు, సగానికి పైగా మళ్లీ పనికొస్తాయట. అత్తమ్మ సంక్రాంతికి అక్కడే ముగ్గు వేయాలంటోంది. వైరింగు అయితే తప్ప కుదరదని నేనంటున్నాను, ఇంకా తేలలేదు.