చెప్పినట్టు చేసే నౌకరు

విసుగు పుట్టించే పనులు కొన్ని ఉంటాయి. నూరు కాగితాలమీద వరసగా అంకెలు వేయటం, క్లాసులో అందరి పేర్లూ పట్టికలోకి ఎక్కించటం—ఇలాంటివి. ఇవి కష్టమైన పనులేమీ కావు. కాని చేసిన పనే పదేపదే చేస్తూంటే మనసు మరొక చోటికి పోతుంది. తప్పు దొర్లేది సరిగ్గా అప్పుడే!

కంప్యూటరులో కూడా ఇలాంటి పనులు చాలా ఉన్నాయి. ఫైళ్ళకు పేర్లు మార్చటం, వాటిని ఒక చోటినుంచి మరొక చోటికి చేర్చటం, ప్రతి రాత్రీ నకలు తీసి దాచటం. వీటిని మనం స్వయంగా చేయనక్కరలేదు. ఎలా చేయాలో ఒక్కసారి వ్రాసి ఇస్తే కంప్యూటరే చేసిపెడుతుంది. అలా వ్రాసి ఇచ్చే చీటీ పేరు స్క్రిప్టు.

పని ఎలా జరగాలో ముందే వ్రాసిపెట్టాలనే ఆలోచన కంప్యూటరుకంటె చాలా పాతది. ధర్మవరంలో పట్టుచీరెలు నేసే మగ్గాలు చూచినవారికి జకార్డు అనే మాట తెలిసే ఉంటుంది. కంతలు పొడిచిన అట్టముక్కలను వరసగా కుట్టి, మగ్గంపైన అమర్చుతారు. ఏ అట్టలో ఎక్కడ కంత ఉన్నదో, దానినిబట్టి కొన్ని పోగులు పైకి లేస్తాయి, కొన్ని కిందనే ఉంటాయి. అలా అంచుమీద హంస తయారవుతుంది. ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరవాసి జోసెఫ్ మారీ జకార్డు 1804 ప్రాంతంలో ఈ సాధనాన్ని రూపొందించాడు. అట్టలు సరిగా పొడిస్తే ఎన్ని చీరెలు నేసినా అదే హంస వస్తుంది. ఒక్క కంత తప్పుగా పడిందో, ఆ తప్పు ప్రతి హంసలోనూ వస్తుంది! ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి.

ఇక కంప్యూటరు సంగతి. ఒకప్పుడు కొన్ని కంప్యూటర్లకు ఆజ్ఞలు ఒక్కొక్కటే టైపు చేసి ఇచ్చేవారు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో పనిచేసిన లూయీ పూజాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1963-64 ప్రాంతంలో ఒక ఉపాయం చేశాడు. ఆజ్ఞలన్నిటినీ ఒక ఫైలులో వ్రాసి ఉంచితే, వాటిని వరసగా చదివి జరిపించే ప్రోగ్రాము తయారుచేసి, దానికి రన్‌కామ్ అని పేరు పెట్టాడు. మన ఆజ్ఞలను అందుకుని కంప్యూటరు చేత చేయించే ప్రోగ్రాముకు 'షెల్' అనే పేరు పెట్టినవాడు కూడా ఆయనే. నేను వాడే షెల్ పేరు బ్యాష్. 1989లో బ్రయన్ ఫాక్స్ దాన్ని మొదటిసారి విడుదల చేశాడు.

నేను స్క్రిప్టుతో చేయించిన ఒక పని గురించి చెపుతాను, వినండి.

కొన్నేళ్ళ క్రితం మా అమ్మకు సహస్ర చంద్ర దర్శనం జరిపించాము. వేయి పున్నములు చూచిన పెద్దవారికి చేసే పండుగ అది. నేనూ, మా బావా చెరొక కెమెరాతో ఫొటోలు తీశాము. మరుసటి ఏడు మా అమ్మ పోయింది. ఆ ఫొటోలు మళ్ళీ తీయటానికి వీలులేదు గదా! వాటిని ఒక క్రమంలో పెట్టాలని కూర్చుంటే మొత్తం 1,340 తేలాయి. వాటి పేర్లన్నీ కెమెరా పెట్టిన అంకెలే. ఏది ముందు తీసినదో, ఏది తరువాత తీసినదో పేరు చూస్తే తెలియదు.

ప్రతి ఫొటోకూ అది తీసిన సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను వరసగా పేరుగా పెట్టాలి. అప్పుడు అవి వాటంతట అవే వరసలోకి వస్తాయి. ఒక్కొక్క దానికి అర నిమిషం పట్టినా 1,340 ఫొటోలకు 11 గంటలు దాటుతుంది. అందుకని స్క్రిప్టు వ్రాద్దామనుకున్నాను. ఫొటో తీసిన సమయం కంప్యూటరుకు ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. కెమెరా ఫొటోతోబాటే ఆ సమయాన్ని కూడా ఫైలులో వ్రాసిపెడుతుంది. 1995లో జపానులో ఏర్పరచిన 'ఎక్సిఫ్' అనే పద్ధతి ఇది. కెమెరాలోని గడియారం మటుకు సరిగా ఉండాలి.

మా మేనకోడలికి అప్పుడు 11 ఏళ్ళు. అది వచ్చి నా పక్కన కూర్చున్నది. కంప్యూటరును ముట్టుకోకముందే ఇద్దరమూ ఒక కాగితం తీసుకుని తెలుగులోనే ఇలా వ్రాశాము:

మొదటిది—ఒక ఫొటో తీసుకో. రెండవది—అందులో ఉన్న సమయం చదువు. మూడవది—ఆ సమయాన్నే దానికి పేరుగా పెట్టు. నాలుగవది—ఫొటోలు ఇంకా ఉంటే మళ్ళీ మొదటి మెట్టుకు పో.

మా మేనకోడలు కాగితంకేసి చాలాసేపు చూచి, "మామయ్యా, అమ్మమ్మ మాకు అక్షింతలు వేసేటప్పుడు నువ్వూ, నాన్నా ఒక్కసారే ఫొటో తీశారు కదూ? రెండూ ఒకే సెకనులో తీసినవైతే రెంటికీ ఒకే పేరు వస్తుందే! అప్పుడేమవుతుంది?" అని అడిగింది.

ఏమవుతుందో చెపుతాను. ఫైలు పేరు మార్చటానికి బ్యాష్‌లో వాడే ఆజ్ఞ 'ఎమ్.వి.' ఆ పేరుతో అక్కడ ఇంకొక ఫైలు ఉంటే, అది మామూలుగా మనను అడగదు. పాతదాన్ని తీసేసి దాని చోట కొత్తదాన్ని పెడుతుంది. మా బావ తీసిన ఫొటో, నేను తీసిన ఫొటో—రెంటిలో ఒకటి చప్పుడు లేకుండా మాయమై ఉండేది!

అందుచేత మా కాగితంలో ఇంకొక మెట్టు చేరింది: "ఆ పేరు ఇదివరకే ఉంటే చివర ఒక అంకె చేర్చు, లేకపోతే అలాగే ఉంచు." ఇలాంటి 'ఉంటే', 'లేకపోతే' అనే మాటలే స్క్రిప్టుకు ప్రాణం. అవి కంప్యూటరు ఊహించి పెట్టుకోదు. 11 ఏళ్ళ పిల్లకు తోచినది దానికి తోచదు.

తరువాత స్క్రిప్టు వ్రాశాము. పట్టుమని పది వరసలు కూడా లేదు. ఐనా దాన్ని వెంటనే నడపలేదు. ముందుగా ఫొటోలన్నిటికీ నకలు తీసి వేరే డిస్కులో దాచాము. తరువాత పేరు మార్చే ఆజ్ఞకు ముందు 'ఎకో' అనే మాట చేర్చాము. అలా చేర్చితే కంప్యూటరు పని చేయదు. ఏం చేయబోతున్నదో తెరమీద వ్రాసి చూపిస్తుంది, అంతే. నాటకం ఆడబోయే ముందు ఒత్తిడులు వేసినట్టన్న మాట. మా మేనకోడలు ఆ జాబితాను వేలుపెట్టి చదివి, "సరిగ్గానే ఉంది" అన్న తరువాత 5 ఫొటోలమీద ప్రయత్నించాము. అవి కూడా సరిపోయాక 'ఎకో' తీసేసి అన్నిటినీ అప్పగించాము.

మేము మంచినీళ్ళు తాగి వచ్చేలోపల పని అయిపోయింది. చివరకు లెక్క పెట్టించాము. ముందు 1,340, ఇప్పుడూ 1,340. ఒక్కటి కూడా పోలేదు. అక్షింతల ఫొటోలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలో మా అమ్మ నవ్వుతున్నది, రెండవదానిలో కళ్ళు మూసుకుని దీవిస్తున్నది.

ఇప్పుడు ప్రతి రాత్రీ 9 గంటలకు ఇంకొక చిన్న స్క్రిప్టు ఆ ఫొటోలకు నకలు తీస్తుంది. ఫలానా వేళకు ఫలానా స్క్రిప్టును నడపటానికి యూనిక్స్, లినక్స్ కంప్యూటర్లలో 'క్రాన్' అనే ప్రోగ్రాము ఉన్నది. విండోస్‌లో 'టాస్క్ షెడ్యూలర్' ఉన్నది. నేను మరిచిపోవచ్చుగాని కంప్యూటరు వెలుగుతూ ఉన్నంతకాలం అవి మరిచిపోవు.

కాని ఒక పని మటుకు నేను స్క్రిప్టుకు అప్పగించలేదు. మసకగా వచ్చినవాటిని తీసివేయటం. కదిలిపోయిన ఫొటో ఒకటి ఉన్నది. అందులో మా అమ్మ చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. దాన్ని ఉంచాలో, తీసివేయాలో చెప్పవలసినది మనిషే. పైగా, ఫైళ్ళను తుడిచివేసే 'ఆర్.ఎం.' అనే ఆజ్ఞ చాలా ప్రమాదమైనది. అది తీసేసిన ఫైలు చెత్తబుట్టలోకి కూడా పోదు. కాబట్టి ఎవరో వ్రాసిన స్క్రిప్టు మీకు దొరికితే, అందులోని ప్రతి వరసా ఏం చేస్తుందో తెలుసుకోకుండా నడపకండి. తెలియకపోతే పెద్దవారిని అడగండి.

మీకు కూడా స్క్రిప్టు వ్రాయాలని ఉన్నదా? ఐతే ముందు కంప్యూటరు అక్కరలేదు, కాగితం చాలు. మీ పుస్తకాలను బీరువాలో సర్దే పద్ధతిని మెట్టు మెట్టుగా వ్రాయండి. దాన్ని మీ తమ్ముడికో, చెల్లెలికో ఇచ్చి, అందులో ఉన్నది ఉన్నట్టు చేయమనండి. ఎక్కడ వాళ్ళు ఆగి, "ఇప్పుడేం చేయాలి?" అని మిమ్మల్ని అడుగుతారో, అక్కడ మీ కాగితంలో ఒక మెట్టు తక్కువైనదన్న మాట. దాన్ని వ్రాసి చేర్చండి. తమ్ముడు అడుగుతాడు, కంప్యూటరు అడగదు.