ఎథెల్ రోజెన్‌బర్గ్ అర్జీ

మా నాన్నగారు దాచుకొన్న పాత పత్రికల కట్టలో రోజెన్‌బర్గ్ దంపతుల బొమ్మ ఒకటి వుండేది. వాళ్ళు నిర్దోషులన్న సంగతి మా యింట్లో ఎవరూ చర్చించేవారు కారు. నిరుడు ఒక విద్యార్థి, "జూలియస్ సోవియట్‌కు రహస్యాలు అందించినమాట నిజమేనట గదా మాస్టారూ, యింకా ఆ కేసు మనకెందుకు?" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

నిజమే. 1995లో బయటపెట్టిన వెనోనా తంతివార్తలు చూచినా, సహముద్దాయి మోర్టన్ సోబెల్ 2008లో ఒప్పుకొన్నది విన్నా, జూలియస్ విషయంలో మనవాళ్ళు యింకా మొండికెత్తడం దండుగ. ఎథెల్ మాటేమిటి? రహస్యపు కాగితాలు అక్కే టైపు చేసిందని తమ్ముడు డేవిడ్ గ్రీన్‌గ్లాస్ కోర్టులో చెప్పాడు. ఆ సాక్ష్యంమీదే ఆమె ప్రాణం పోయింది. అది తనకు జ్ఞాపకమే లేదనీ, భార్యను కాపాడుకొనేందుకు చెప్పాననీ 2001లో అతనే ఒప్పుకొన్నాడు. ఆ భార్య రూత్, గ్రాండ్ జ్యూరీ ముందు, ఆ రాత తన చేతిరాతేనని చెప్పివుంది. ఆ వాఙ్మూలం 2008 దాకా సీలులోనే వుండిపోయింది.

అమెరికా ఫెడరల్ చట్టంలో 1948 నుంచి 2255 అని ఒక సెక్షను వుంది. అది అప్పీలు కాదు. అప్పీలులో రికార్డులో వున్న తప్పు చూపించాలి. యిక్కడ రికార్డుకెక్కని తప్పును, అంటే తెలిసే పలికించిన దొంగసాక్ష్యాన్నో, వకీలు చేతగానితనాన్నో, శిక్ష వేసిన కోర్టులోనే పెట్టుకోవచ్చు. పెట్టుకొమ్మంటుంది గాని, అవతలి పక్షం పెట్టెలో వున్న కాగితం తీసి చేతికివ్వదు! రోజెన్‌బర్గులు 1952లోనూ 1953లోనూ ఆ దారినే పోయి ఓడారు. 1953 జూన్ 17న జస్టిస్ డగ్లస్ శిక్ష అమలు ఆపాడు. 19న సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చొని ఆ స్టే కొట్టివేసింది. ఆ సాయంత్రమే యిద్దరినీ విద్యుత్ కుర్చీలో చంపారు.

ముప్పైయేళ్ళు పడిన సోబెల్ మాత్రం అర్జీమీద అర్జీ వేసి, 1969లో బయటికొచ్చాడు. యిప్పుడైతే అన్ని అర్జీలు వేయనివ్వరు. 1996 చట్టం ఏడాది గడువు పెట్టింది. రెండో అర్జీకి పై కోర్టు అనుమతి కావాలన్నది. కొత్త సాక్ష్యమైతే, అది చూచిన బుద్ధిగల జ్యూరరెవడూ శిక్షించడని తేల్చాలట. 2023లో సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా చీలి మరో మాట చెప్పింది: చేసినపని ఆ చట్టం కింద నేరమే కాదని తర్వాత తేలినా సరే, మొదటి అర్జీ అయిపోయినవాడికి ఆ కారణంమీద మరో దారి లేదు.

భర్త సంగతి ఎథెల్‌కు తెలుసుననే నా అనుమానం. ఆ ఒక్కటీ చూపించి, రూత్ వాఙ్మూలం పట్టుకొచ్చినా ఆమెను గడపలోనే తిప్పిపంపేవారు.

మరునాడు ఆ కుర్రవాడిచేత ఈ తేదీలన్నీ బోర్డుమీద వ్రాయించాను. శిక్షకూ ఆ కాగితానికీ మధ్య ఎన్నేళ్ళని అడిగితే, లెక్కకట్టి 55 అన్నాడు.