అయిదూ ఏడూ కలిస్తే యాభై ఏడు

కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్వబూనినవారికి తొలి వారంలోనే ఒక వింత ఎదురవుతుంది. రెండు సంఖ్యలు అడిగి తీసుకొని, వాటి మొత్తం చూపమని పైథాన్ భాషలో నాలుగు వాక్యాలు రాస్తారు. 5 నొక్కుతారు, 7 నొక్కుతారు. పన్నెండు రావలసిన తెరమీద 57 ప్రత్యక్షమవుతుంది! ఇంత పేరుమోసిన యంత్రానికి కూడిక రాదా?

రాకేమి! అయితే మీట నొక్కినప్పుడు లోపలికి వెళ్లింది అయిదు అనే సంఖ్య కాదు, అయిదును సూచించే ఒక గుర్తు మాత్రమే. గుర్తులను కూడడమంటే పక్కపక్కన చేర్చడమే. పైథాన్ పాత రూపంలో 'ఇన్‌పుట్' అనే ఆదేశం, ఎవరేమి టైపు చేసినా దాన్ని ప్రోగ్రాములో భాగంగానే భావించి అమలు జరిపేది. ముక్కూమొగం తెలియనివాడి మాటను అలా శిరసావహించడం ప్రమాదకరం. 2008లో వెలువడిన మూడవ రూపంలో ఆ అలవాటు మాన్పించారు. ఇప్పుడది ఏమిచ్చినా అక్షరాల వరుసగానే అప్పగిస్తుంది.

దాన్ని సంఖ్యగా మార్చే పని 'ఇంట్' అనే ఆదేశానిది. ఇదీ ఒక అనువాదమే. ముందూ వెనకా ఖాళీలున్నా అది పట్టించుకోదు. ౧౨ అని తెలుగు అంకెలలో ఇచ్చినా తడుముకోకుండా పన్నెండని గ్రహిస్తుంది. (మన పిల్లలలో ఎందరు గ్రహిస్తారో!) కాని '1,000' అని కామా పెట్టి రాసినా, 'పన్నెండు' అని అక్షరాలలో రాసినా మొరాయిస్తుంది. ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోతుంది. కొత్తవాడికి అది అవమానంగా తోస్తుంది.

ఆగకపోతే ఏమవుతుందో 'సి' భాషలోని 'ఏటూఐ' అనే పాత ఆదేశాన్ని చూస్తే తెలుస్తుంది. అది ఎన్నడూ ఫిర్యాదు చేయదు. మార్కుల పట్టీలో 70 కొట్టబోయి, సున్నాకు బదులు ఇంగ్లీషు 'ఓ' అక్షరం కొట్టారనుకోండి. ఏడు వరకు చదివి, మిగిలింది వదిలేసి, 7 అని అప్పగిస్తుంది. జ్వరంతో పరీక్షకు రాని పిల్లవాడి పేరుకెదురుగా 'గైర్హాజరు' అని రాస్తే సున్నా అంటుంది. ఒక్క హెచ్చరికైనా ఉండదు. పట్టీ చక్కగా అచ్చవుతుంది. ఎవరూ సరిచూడకపోతే ఆ ఏడు ఏడుగానే ఇంటికి చేరుతుంది.

అందుకే పైథాన్ విద్యార్థికి తర్వాతి పాఠంగా 'ట్రై', 'ఎక్సెప్ట్' నేర్పుతారు: మార్చి చూడు, కుదరకపోతే మళ్లీ అడుగు. ఎలా అడగాలన్నది మాత్రం రాసేవాడి సంస్కారాన్ని బట్టి ఉంటుంది. 'తప్పు' అనవచ్చు, 'దయచేసి అంకెలలో రాయండి' అనీ అనవచ్చు.

అన్నీ సరిచేసుకొని, వయస్సు అడిగే ప్రోగ్రామును ఇంట్లో అమ్మమ్మ ముందు పెడతాడు. "డెబ్బై దాటాయని కొట్టరా" అంటుందావిడ.