కలకత్తా చలిలో మన 'లవకుశ'

2024 డిసెంబరులో కలకత్తా వెళ్తున్నానంటే మిత్రులంతా "రసగుల్లాలు తే" అన్నారు. మా అమ్మమ్మ మాత్రం వేరే పని అప్పజెప్పింది.

"ఒరేయ్, 'లవకుశ' తీసింది అక్కడేగా! ఆ చోటు చూసి రా."

"రామారావుగారిది మద్రాసులో తీశారే!" అన్నాను, ఏడిపిద్దామని.

"అది కాదురా. మా అమ్మ బండి కట్టించుకెళ్ళి చూసిన బొమ్మ!"

అమ్మమ్మ మాట నిజమే. కాకినాడకు చెందిన సి.పుల్లయ్యగారు ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ వారికి కలకత్తాలోనే 1933లో 'సతీ సావిత్రి', 1934లో 'లవకుశ' తీశారు. పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత. తెలుగు సినిమాకి సొంత ఇల్లు లేని రోజులవి!

నేను వెళ్ళింది పాత సినిమాలను కాపాడుకోవడం గురించిన ఓ సదస్సుకి. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఖరగ్‌పూర్‌లో ఆగితే ప్లాట్‌ఫారం మీద తెలుగు వినబడి ప్రాణం లేచొచ్చింది. హౌరాలో దిగేసరికి జనమంతా మంకీ క్యాపుల్లో వున్నారు. మా హైదరాబాదు చలి కంటే ఎక్కువేం కాదు గానీ, చలిని పండగలా జరుపుకోవడం వాళ్ళకే తెలుసు! హుగ్లీ నది కింద నుంచి వెళ్ళే మెట్రో ఎక్కి, మట్టి ముంతలో టీ తాగి, సదస్సు హాలు చేరాను.

ఇరవై నిమిషాల ప్రసంగం రాసుకెళ్ళాను. భోజనాల వేళ దగ్గర పడిందని నిర్వాహకులు అయిదు నిమిషాలే ఇచ్చారు. ఒళ్ళు మండింది. జేబులో డబ్బు పెట్టుకుని ఇంత దూరం వచ్చింది ఇందుకా అనిపించింది. కాగితాలు మడిచేసి, ముత్తవ్వ ఎడ్లబండి కథ చెప్పాను. వెనకటి ఫిల్ము నైట్రేటుది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. 2003లో పూనాలో అలాగే ఎన్నో పాత సినిమాలు బూడిదయ్యాయి. కాలకుండా మిగిలినవాటిలో కొన్నింటిని వెండి కోసం కరిగించుకున్నారు. మన మొదటి టాకీ 'ఆలం ఆరా' (1931) ప్రింటు ఒక్కటీ దొరకలేదు. ఇవన్నీ ఆ అయిదు నిమిషాల్లోనే చెప్పాను. హాలు నిశ్శబ్దంగా వింది. ఓ బెంగాలీ పెద్దాయన దగ్గరకొచ్చి, "మీ సినిమాకి మా వూరు పుట్టిల్లని నాకివాళే తెలిసింది" అంటూ చెయ్యి పట్టుకున్నారు.

మర్నాడు టాలీగంజ్ వెళ్ళాను. మెట్రో స్టేషనుకి వాళ్ళ అభిమాన నటుడు ఉత్తమ్ కుమార్ పేరు పెట్టుకున్నారు. మురిసిపోయాను. వచ్చీరాని హిందీలో ఈస్టిండియా స్టూడియో ఎక్కడని అడిగితే ఆటోవాలా ఓ టీవీ సీరియల్ షూటింగు దగ్గర దింపాడు! గేటు దగ్గర వాచ్‌మన్ ఆ పేరే వినలేదన్నాడు. టీకొట్టు ముసలాయనా పెదవి విరిచాడు. పొద్దుగూకేదాకా తిరిగి, ఉత్త చేతులతో రైలెక్కలేక చలికాలంలో మాత్రమే దొరికే ఈతబెల్లం సందేశ్ పెట్టె కొన్నాను.

"చూశావా?" అంది అమ్మమ్మ, గుమ్మంలోనే.

చూశానని అబద్ధమాడేద్దామనుకున్నాను. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి... నోరు రాలేదు. "ఎవరికీ తెలీదు అమ్మమ్మా" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. సందేశ్ ముక్క నోట్లో వేసుకుని, "ఈతబెల్లంరా ఇది!" అంది. తరువాత నెమ్మదిగా, "అందరి ముందూ మా అమ్మ మాట చెప్పావా?" అనడిగింది. చెప్పానన్నాను. "అయితే సరిగ్గా చెప్పి వుండవు. బండిలో ఎంతమంది వెళ్ళారో తెలుసా నీకు?" అంటూ మొదలెట్టింది.

సదస్సులో చదవని ఆ కాగితాల వెనకవైపే అంతా రాసుకున్నాను.

అన్నట్టు పాఠకులారా, మీ ఇంట్లో పాత సినిమా పాటల పుస్తకాలుంటే పాత పేపర్లవాడికి వెయ్యకండి. పెద్దవాళ్ళుంటే ఇవాళే కూర్చోబెట్టి అడగండి!