ఇంజను విప్పాక తెలిసిన సంగతి

నా కారు పిచ్చి గురించి తెలిసినవాళ్ళు రెండు మాటలంటారు. ఒకటి, వీడికి సుఖపడటం తెలీదని. రెండోది మా ఆవిడ అనే మాట, అది ఇక్కడ రాయను లెండి.

నా దగ్గరున్నది 1999 మాజ్దా మియాటా. రెండే సీట్లు, 1.8 లీటర్ల ఇంజను, ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు 140 హార్స్ పవర్. దానికి నేనొక చిన్న టర్బో తగిలించి, ఈసీయూ మార్చి, చక్రాల దగ్గర 220 దాకా రాబట్టాను. ఏడాదికి ఐదారు సార్లు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఉత్తర కాలిఫోర్నియాలో విల్లోస్ పక్కనున్న థండర్‌హిల్ ట్రాకుకి దాన్నేసుకుని పోతుంటాను. వారమంతా మీటింగుల్లో "కొంచెం మ్యూట్ తీయండి" అనుకుంటూ బతికేవాడికి ఇరవై నిమిషాల సెషన్ ఎంత హాయిగా ఉంటుందో చెప్తే అర్థం కాదు.

పోయిన ఏడాది ఆగస్టులో, మూడో సెషన్లో, కింద నుంచి సుత్తితో కొట్టినట్టు టకటకమని శబ్దం మొదలైంది. పిట్‌లోకొచ్చి ఆపేశాను. తిరిగి ఇంటికి ట్రక్కు మీదే.

ఇంజను దింపి సంపు విప్పితే మూడో సిలిండరు రాడ్ బేరింగు అరిగి రేకులా అయిపోయింది. రాడ్ పెద్ద కన్ను కూడా దెబ్బతింది. చెప్పొద్దూ, బాధతో పాటు లోపలెక్కడో చిన్న సంతోషం. ఎందుకంటే ఎలాగూ విప్పాం కదా, మంచి పార్టులు వేసేద్దాం! ఆ రాత్రే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాను. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, హెచ్-బీమ్ రాడ్లు, గట్టి వాల్వ్ స్ప్రింగులు, పెద్ద టర్బో. లక్ష్యం 300 హార్స్ పవర్, 8000 ఆర్పీఎమ్. ఇంట్లో మంజూరైన బడ్జెట్ 4000 డాలర్లు. స్ప్రెడ్‌షీట్ అడుగున మొత్తం దీనికి దాదాపు రెట్టింపుంది. ఆ గడిని మాత్రం దాచిపెట్టాను.

రెండు వారాలు ఇదే పని. పిస్టన్ల దగ్గరే నాలుగు రోజులు. ఫోర్జ్‌డ్ పిస్టన్లలో ఎక్కువగా వాడే మిశ్రమలోహాలు రెండు, 4032, 2618. మొదటిదాంట్లో సుమారు 12 శాతం సిలికాన్ ఉంటుంది. అందుకని వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది, బోరులో దగ్గరగా బిగించొచ్చు, చప్పుడుండదు. కానీ కాస్త పెళుసు. నాకింగ్ వస్తే రింగుల మధ్య గట్టు విరిగే ప్రమాదం. రెండోదాంట్లో సిలికాన్ దాదాపు ఉండదు. దెబ్బ తగిలితే విరగడం కన్నా వంగుతుంది, అదే దాని గొప్ప. కాకపోతే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి సందు ఎక్కువ వదలాలి, చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు పిస్టన్ గోడకి తగులుతూ డీజిల్ బండిలా చప్పుడు చేస్తుంది.

ఇదంతా ఆదివారం ఫోన్లో నాన్నకి ఉత్సాహంగా చెప్తున్నాను. మా నాన్న విజయవాడ ఆటోనగర్లో ముప్పై ఏళ్ళు లారీ ఇంజన్లు విప్పిన మనిషి. అంతా విని ఒకటే అడిగాడు.

"అసలది ఎందుకు పోయిందిరా?"

"పవర్ ఎక్కువైంది నాన్నా, స్టాక్ పార్టులు కదా."

"ఎవడు చెప్పాడు? పాత బేరింగులు పారేశావా, ఉన్నాయా? అన్నీ వరసగా పెట్టి ఫోటో తియ్యి."

తీసి వాట్సాప్‌లో పంపాను. అయిదు నిమిషాల్లో ఫోన్. "పైన దెబ్బ కాదురా ఇది. పేలుడు దెబ్బ అయితే పై చిప్పే ఎక్కువ నలగాలి. నీకు పైనా కిందా రెండూ నున్నగా రుద్దుకుపోయాయి. మిగతా మూడు రాడ్లవీ అదే దారిలో ఉన్నాయి. ఆయిలు అందలా. ఆయిలు చూసుకునే ఎక్కావా ఆ రోజు?"

నాకు నోట మాట రాలేదు. చూడలేదు. ఆ ముందు ట్రాకుకి వెళ్ళొచ్చాక అర లీటరు తగ్గిందని తెలుసు, పొద్దున్నే పోద్దాంలే అనుకుని మర్చిపోయాను.

అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటుంది. ఆయిలు ప్రెషర్ సెన్సర్ పెట్టింది నేనే, ఈసీయూలో లాగ్ అయ్యేలా చేసింది నేనే. ఆ ఫైళ్ళు ఒక్కసారి తెరిస్తే ఒట్టు. ఆ రాత్రి తెరిచాను. థండర్‌హిల్లో రెండో మలుపు పొడుగ్గా ఎడమకి తిరుగుతూనే ఉంటుంది. ప్రతి ల్యాపులో సరిగ్గా అక్కడ, 6000 ఆర్పీఎమ్ దగ్గర 60 ఉండాల్సిన ప్రెషర్ 15కి పడిపోతోంది. సంపులో ఆయిలంతా ఒక పక్కకి పోయి, పంపు గాలి పీలుస్తోందన్నమాట. ఆఫీసులో ఎవరైనా లాగ్ చూడకుండా సర్వర్లు పెంచుదామంటే నేనే మొదట ఎగిరిపడతాను.

300 పవర్ పిస్టన్లు వేసినా అదే మలుపులో, అదే ఆయిలు లేక, మళ్ళీ పోయేది. కాస్త ఎక్కువ ఖర్చుతో.

ఇక స్ప్రెడ్‌షీట్ కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. పవర్ 220 దగ్గరే. 8000 ఆర్పీఎమ్ కూడా పోయింది. రాడ్ బోల్టుని లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 7000 నుంచి 8000కి వెళ్తే ఆ లాగుడు 30 శాతం ఎక్కువ. నేను రేసు గెలిచేదేం లేదు, ఆ వెయ్యి నాకెందుకు? పెద్ద టర్బో, వాల్వ్ స్ప్రింగుల డబ్బు సంపులో అడ్డపలకలకీ, ఆయిలు కూలరుకీ, పంపులో గట్టి స్టీలు గేర్లకీ పోయింది. ఈ ఇంజన్లో అసలు గేర్లు లోహప్పొడిని అదిమి చేసినవి, ఎక్కువ వేగంలో పగులుతాయని పేరు. ప్రెషర్ పడిపోతే ఇంజను దానంతటదే ఆగిపోయేలా ఈసీయూలో ఒక నియమం కూడా రాశాను.

రాడ్లు ఎలాగూ మార్చాలి కాబట్టి హెచ్-బీమ్‌వే తీసుకున్నాను. బోరులో గీతలున్నాయి, 83 నుంచి 83.5 మిల్లీమీటర్లకి రీబోరు చేయించాం. దీంతో పాత పిస్టన్లు పనికిరావు, కొత్తవి తప్పలేదు. 2618 తీసుకున్నాను. ఆగస్టు ఎండలో టర్బో ఇంజనుకి ఎప్పుడో ఒకసారి నాకింగ్ రాకుండా ఉండదు, అప్పుడు క్షమించే పిస్టన్ కావాలి నాకు. చప్పుడు భరిస్తాను. క్రాంకు అదృష్టవశాత్తూ పాలిష్‌తో సరిపోయింది.

కొలతల దగ్గర మాత్రం తొందరపడలేదు. రాడ్ బేరింగు సందుకి మోటు లెక్క ఒకటుంది, క్రాంకు పిన్ను వ్యాసంలో వెయ్యో వంతు. ఇక్కడ పిన్ను 45 మిల్లీమీటర్లు, అంటే 0.045. ప్లాస్టీగేజ్ అనే సన్న మైనపు పోగు పెట్టి, బిగించి, విప్పి, అది ఎంత వెడల్పు నలిగిందో చూసి నాలుగూ సరిచూశాను. ఒకటి తేడా వచ్చింది, బేరింగు మార్చి మళ్ళీ చూశాను. పై రింగుల చివరల మధ్య 0.45 వదిలాను. తక్కువైతే వేడికి చివరలు ఒకదాన్నొకటి గుద్దుకుని గట్టు ఊడొస్తుంది. ఒక్కో రింగూ ఆకురాయితో రుద్దుతూ రెండు రాత్రులు గరాజులో కూర్చుంటే, మా ఆవిడ వచ్చి చూసి ఏమనకుండా టీ పెట్టి వెళ్ళింది. మొత్తం ఖర్చు 4300. ఆ మూడొందల సంగతి ఇంకా తేలలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి మొదటిసారి స్టార్ట్ చేశాను. వీడియో కాల్లో నాన్న. అక్కడ పొద్దున, చేతిలో కాఫీ గ్లాసు. ఇంజను అందుకోగానే గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఆపరా, ఏదో కొడుతోంది!"

"అది పిస్టన్లది నాన్నా, చల్లగా ఉంటే అంతే. వేడెక్కితే తగ్గుతుంది."

నమ్మలేదు. ఫోను దగ్గరగా పెట్టమని, చెవి స్క్రీనుకి ఆనించి కూర్చున్నాడు. నాలుగు నిమిషాలకి చప్పుడు మెల్లగా సన్నబడి పోయింది. ఆయిలు ప్రెషర్ నిలకడగా ఉంది. ఆయన ఇంకో నిమిషం విని, "సరే, ఆపు" అన్నాడు.

ఆపాను.

"కాసేపు ఆగి డిప్‌స్టిక్ తియ్యి. నాకు చూపించు."

తీసి, తుడిచి, మళ్ళీ ముంచి, కెమెరా ముందు పెట్టాను.