వెనక్కి తోసే ఉద్యోగం

మెట్ట ఊళ్లలో టార్చిలైటు బాగుచేయడం అందరికీ వచ్చిన విద్య. వెలగకపోతే ముందు అరచేతిలో వేసి రెండు దెబ్బలు. దానికీ లొంగకపోతే అడుగు మూత విప్పి, స్ప్రింగును వేళ్లతో పట్టి కాస్త సాగదీయడం. అప్పటికీ పలక్కపోతే సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం మడిచి స్ప్రింగు నెత్తిన పెట్టడం. త్రీఫేజు కరెంటు రాత్రిపూట ఇచ్చిన రోజుల్లో పరిటాల, నందిగామ వైపు పత్తిచేలకూ మిరపతోటలకూ మోటారు వేయడానికి వెళ్లినవాళ్లకు ఈ మూడు వైద్యాలూ కంఠతా వచ్చు. గట్టు మీద పాముందో లేదో చెప్పాల్సింది ఆ లైటే మరి.

మూడు వైద్యాలూ కలిపి చూస్తే రోగం తెలిసిపోతుంది. చవక లైట్లలో స్ప్రింగుకు రెండు ఉద్యోగాలు. సెల్లులను బిగించి పట్టుకోవాలి, కరెంటునూ మోయాలి. కొన్ని పరికరాల్లో మీట కింది స్ప్రింగుదీ ఇదే గతి: నొక్కిన మీటను వెనక్కి తోయాలి, నొక్కి ఉంచినంతసేపూ తన ఒంట్లోంచి కరెంటును పోనివ్వాలి. డ్రైవరే టికెట్లు కొట్టే ఆర్టీసీ బస్సు లాంటి ఏర్పాటిది; జనం తక్కువైతే హాయిగా నడుస్తుంది. ఉక్కు తీగ బిగువుకు మంచిదే గాని, కరెంటు మోయడంలో రాగి ముందు ఎందుకూ చాలదు. కరెంటు పెరిగేకొద్దీ వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే పదును పోయి చతికిలబడుతుంది. తర్వాత ఎంత సాగదీసినా పాత బిగువు రాదు.

ఈ బాధ పడలేక స్ప్రింగు తీసేసి అయస్కాంతాలు పెట్టినవాళ్లలో ఈ-సిగరెట్ల తయారీదారులు ఉన్నారు. చేతిలో పట్టే చిన్న గొట్టంలోనే ఎక్కువ కరెంటు పారే వస్తువు మరి. 2019లో మన దేశం ఆ సరుకునే నిషేధించింది. పొగ మనకొద్దు గాని, మీట మాత్రం చూడదగ్గది. ఉంగరాల్లాంటి రెండు అయస్కాంతాలు, మీటకొకటి, గొట్టానికొకటి. సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయని బళ్లో వల్లెవేశామే, ఆ పాఠమే ఇక్కడ స్ప్రింగు. నొక్కితే మధ్యనున్న లోహపు పుల్ల ముందుకెళ్లి సెల్లును తాకుతుంది. కరెంటు దాని దారిన అది పోతుంది. వేలు తీయగానే అయస్కాంతాలు మీటను వెనక్కి తోసేస్తాయి. ఒకదాన్నొకటి ముట్టుకోవు కాబట్టి అరుగుదల లేదు, తీగ లేదు కాబట్టి మెలిక పడేదీ లేదు.

తేడా వేలికీ తెలుస్తుంది. స్ప్రింగు ఎంత నొక్కితే అంత లెక్కగా ఎదురుతిరుగుతుందని 1678లో రాబర్ట్ హుక్ రాసిపెట్టాడు. అయస్కాంతాలకు ఆ పద్దు పట్టదు. మొదట మెత్తగా ఒదిగి, దగ్గరయ్యేకొద్దీ మొండికేస్తాయి.

అలాగని వీటిని సాధుజీవులనుకోవద్దు. శాశ్వత అయస్కాంతాలు ఒట్టి తోపుడుతోనే ఒకదాన్నొకటి గాల్లో నిలకడగా నిలబెట్టలేవని శామ్యూల్ ఎర్న్‌షా 1842లో కట్టిన లెక్క చెబుతుంది. వదిలేస్తే పక్కకు జారి, తిరగబడి, ఠపీమని అతుక్కుంటాయి. అందుకే చుట్టూ గొట్టం కావాలి. దగ్గర్లో ఇనుప రజను ఉంటే ఒంటికి పట్టిస్తాయి. గట్టిగా కొట్టుకుంటే పెచ్చులూడతాయి. వేడికి వీటికీ పడదు. 1980ల తొలినాళ్లలో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ ఎవరికి వారే సాధించిన నియోడిమియం అయస్కాంతం మామూలు రకమైతే 80 డిగ్రీలు దాటాక బలం జారవిడుస్తుంది. 250 డిగ్రీల వేడికైనా తట్టుకునేది సమేరియం-కోబాల్టు. 2023 మేలో విశాఖపట్నంలో జాతికి అంకితమైన అయస్కాంతాల కర్మాగారం చేసేది ఆ రకాన్నే.

అయస్కాంతానికి కావలసిన సరుకూ నేలలోంచే రావాలి. మొదట చెప్పుకున్న పరిటాల నేలను ఒకప్పుడు వజ్రాల కోసం తవ్వారు. చుట్టూ ఇంగ్లీషువాళ్ల ఏలుబడి ఉన్నా పరిటాలనూ పక్కనున్న కాసిన్ని ఊళ్లనూ నిజాము వదులుకోలేదు. గట్టితనంలో వజ్రాన్ని మించింది లేదు, నిజమే. అయినా ఒక్క మీటను కూడా అది వెనక్కి తోయలేదు. ఆ పనికొచ్చే నియోడిమియం భీమిలి తీరపు ఇసుకలో, మోనజైటు రేణువుల్లో ఉంది. దాన్ని వేరు చేయడానికి పలుగూ పారా చాలవు, రసాయన శాస్త్రం కావాలి.

ఇంతకీ స్ప్రింగు చేసిన పాపమేమిటి? తోయడంలో అది ఎన్నడూ పని ఎగ్గొట్టలేదు. తనది కాని బరువు మోయలేకే చెడింది. దాని పక్కన ఒక రాగి తీగ వేసి కరెంటును అటు మళ్లిస్తే అదే స్ప్రింగు ఏళ్ల తరబడి నిలుస్తుంది. అయస్కాంతాన్ని తెచ్చి, మళ్లీ కరెంటు దారిలోనే కూర్చోబెడితే అదీ వేడెక్కి నీరసిస్తుంది. కాబట్టి ఎక్కువ కరెంటు లాగే పరికరానికి అయస్కాంతపు మీట పెట్టుకోండి, దారి మాత్రం వేరుగా వేయండి. పొలానికి పట్టుకెళ్లే రెండు సెల్లుల లైటుకు స్ప్రింగు చాలు. తుప్పు గీకి, కొత్త సెల్లులు వేసుకుంటే సరి.